ఐదో దారం

చొక్కా జేబు మీద గులాబి రంగు మరక చూసి, ఎవరో పాన్ ఉమ్మారని అనుకున్నాడు ప్రమోద్. కిటికీ పక్క సీటు కోసం ఆరాటపడేవాళ్లకు ఆ భాగ్యం రాసిపెట్టే ఉంటుందిలే అని తనలో తను నవ్వుకుని చేతిరుమాలుతో రుద్దాడు. పోలేదు. పోకపోగా ఇంకాస్త పాకింది. మే నెల ఎండ, మూడు గంటలు కావస్తోంది, మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట పోయే బస్సు, ఆడవాళ్లకు టికెట్ తీసేసినప్పటి నుంచి మగవాడికి సీటు దొరకడమే గొప్ప, ఆ గొప్పలో ఇంతసేపూ అల్లుడి దర్జాతో కూర్చున్నాడు, ఇల్లు చేరేసరికి నాయిన మగ్గం మీది చీర దిగుతుంది, అమ్మ జొన్నరొట్టెలు చేసి పెడుతుంది, ఇవే తలపులు. ఇప్పుడు ఈ మరక. ఇది బయటి నుంచి పడింది కాదు, లోపలి నుంచి ఊరుతోంది. జేబులో వేళ్లు పెట్టాడు. దారాలు తగిలాయి. ఐదు ఎర్ర దారాలు, తన మెకానిక్ షెడ్డులో లెక్కపెట్టి వేసుకున్నవి, చెమటకు తడిసి ఉండచుట్టుకుని ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. ఐదే. ఐదుకు ఐదూ ఉంటే ఇక భయమెందుకు, లెక్క సరిపోయింది కదా. కానీ వేళ్ల కొసలు ఎర్రబడ్డాయి. నాయిన వెంకటనర్సు అద్దిన ఎరుపు దిగదు. వెంకటనర్సు చీరకు నారాయణపేటలో ఉన్న పేరంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది, "రంగు దిగితే వచ్చి నా మగ్గం ఇరగ్గొట్టుండ్రి" అని ముప్పై ఏళ్లుగా అంటున్నాడు, ఇంతవరకు ఎవరూ రాలేదు. ఆ దారం ఉడకబెట్టినా రంగు విడవదు. మరి ఈ రంగు ఎక్కడిది?

ఒక్కొక్క దారాన్నీ విడదీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాడికి నూలు చూడ్డానికి కళ్లు అక్కర్లేదు. మొదటిది గట్టి పురి, నాయినదే. రెండోది నాయినదే. మూడు, నాలుగు, అవీ ఆయన మగ్గం కింద రాలిన ముక్కలే. ఐదోది వేళ్ల మధ్య మెత్తగా, బొచ్చు బొచ్చుగా నలిగింది. వదులు పురి, ఏడెనిమిది పోగులు ఊరికే కలిపి మెలితిప్పినది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన, కొబ్బరినీళ్ల పులుపు. ఇది బజారు దారం. గుడి దగ్గర గుత్తులుగా వేలాడదీసి అమ్మే దారం. ఇది తన దారం కాదు. తన ఐదో దారం జేబులో లేదు. అంటే ఆ దారం కట్టిన ఐదో గుడ్డ కూడా ఇంజన్‌లోంచి బయటికి రాలేదు. అది ఇంకా తను ఇందాక పనిచేసి పంపిన విజేందర్ కారులోనే ఉంది, ఆ కారు ఈపాటికి భూత్పూర్ దాటి పెద్ద రోడ్డెక్కి ఉంటుంది, అందులో విజేందర్ ఉన్నాడు, అతని భార్య స్వర్ణ ఉంది, వెనక సీట్లో అతని అవ్వ ఈదమ్మ ఉంది.

ఈ దారాల అలవాటు అమ్మది. మగ్గం మీది నిలువు పోగుల పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కేటప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి మెలేసి అతకాలి, ఒకటా రెండా, రెండు మూడు వేల పోగులు, ఆ పని అమ్మ యాదమ్మది. మధ్యలో పొయ్యి మీద అన్నం పొంగినా, గుమ్మంలో చుట్టం పిలిచినా, ఆగినచోట ఒక ఎర్రదారం ముక్క కట్టి గాని లేచేది కాదు. ఎర్రదారం ఉన్నచోట పని మిగిలి ఉన్నట్టు లెక్క. అదే అలవాటును ప్రమోద్ షెడ్డుకు తెచ్చుకున్నాడు. ఇంజన్ విప్పినప్పుడు ఎక్కడికక్కడ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి, వాటిలో దుమ్ము పడకుండా గుడ్డలు కుక్కాలి, కుక్కినవి మళ్లీ తీయడం మరిచిపోతే కొంప మునుగుతుంది. అందుకని గుడ్డ గుడ్డకూ ఎర్రదారం కట్టి జానెడు కొస బయటికి వదిలేవాడు. గుడ్డ తీయగానే దారం విప్పి జేబులో వేసుకోవాలి, చివర్లో లెక్క చూసుకోవాలి, లెక్క కుదిరాకే బానెట్ మూయాలి. పన్నెండేళ్లలో ఒక్కసారి తప్పలేదు. తోటి మెకానిక్‌లు షెడ్డులో మగ్గం పెట్టినవా ఏందని ఎగతాళి చేస్తే, "మతిని నమ్మకుండ్రి, దారాన్ని నమ్ముండ్రి" అని వాళ్లకే పాఠం చెప్పినవాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

ఫోన్ తీశాడు. విజేందర్ పేరు నొక్కాడు. మోగుతోంది, మోగుతోంది, మోగి మోగి ఆగిపోయింది. ఎత్తడు. ఎందుకెత్తుతాడు, ఎత్తొద్దని చెప్పింది తనే కదా. "ఫోన్‌ల ఇంజన్ రికార్డు నడుస్తుంటది తమ్మీ, ఎవరు చేసినా ఎత్తకు, నడుమల తెగితే మొత్తం పాయె." ఆ మాట చెప్పి, బండి కంప్యూటర్‌కు తగిలించిన చిన్న డబ్బాకూ అతని ఫోన్‌కూ జోడీ కలిపి మరీ పంపాడు. విజేందర్ మాట వినేరకం. ఆత్మకూరులో బ్యాంకు ఉద్యోగం, నెత్తిమీద తట్ట పెట్టుకుని పదిమైళ్లు నడిచి అంగడికి పోయిన ఈదమ్మకు మనవడు, వాళ్లింట్లో మొదటి కారు అతనిదే. అదీ అలాంటిలాంటి కారు కాదు, హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో కొన్న పాత నల్ల డీజిల్ కారు, ఊరికే పోతే చాలదు, ఎగిరిపోవాలి. రెండేళ్లుగా దాన్ని ప్రమోద్ చేతిలో పెట్టాడు. మొదట కంప్యూటర్ లెక్కలు మార్చారు, తర్వాత సైలెన్సర్ పైపు వెడల్పు చేశారు, ఇప్పుడు ఇంజన్‌లోకి గాలిని ఎక్కించే కంపెనీ టర్బో తీసేసి దానికన్నా పెద్దది పెట్టారు. అతను పిచ్చివాడైతే ఆ పిచ్చికి మందు వేయక మేత వేసినవాడు తను. "అన్న చెప్పిండంటే అంతే" అంటాడు విజేందర్. ఆ మాటకు ఇన్నాళ్లూ ఛాతీ ఉబ్బేది.

ఎక్కడ ఉండిపోయింది ఆ గుడ్డ? గాలి మూతిలోనిదైతే బతికిపోతారు, టర్బో రెక్కలు విరిగి బండి నీరసపడి ఆగుతుంది, అంతే. దేవుడా, గాలి మూతిలోదే కావాలి. కళ్లు మూసుకుని ఒక్కొక్క గుడ్డనే వెతికాడు. గాలి మూతిలో పెట్టింది అమ్మ పాత చీర ముక్క, నెమలిపింఛం రంగు, అది తీసి డబ్బాలో వేయడం గుర్తుంది, దాని మీద బల్లి పిల్ల ఉంటే దులిపాడు కూడా. గాలి చల్లార్చే జల్లెడ పైపుకు అటొకటి ఇటొకటి, రెండూ ఒకేసారి లాగాడు, రెండు చేతులతో, గుర్తుంది. పై నుంచి ఆయిల్ వచ్చే సన్న గొట్టంలోది చిటికెన వేలంత ఉంటుంది, దాన్ని పట్టకారుతో తీశాడు. నాలుగు. ఇక మిగిలింది కిందిది. ప్రమోద్ కళ్లు తెరిచాడు. కిటికీ బయట పత్తి చేన్లు దున్ని వదిలేసిన ఎర్రనేల వెనక్కి పరుగెడుతోంది. కిందిది కాకూడదు. ఇంకేదైనా కావాలి గాని కిందిది కాకూడదు. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది, దాన్ని కాపాడేది ఆయిల్ ఒక్కటే, పై గొట్టంలో వచ్చిన ఆయిల్ కింది గొట్టంలో నుంచి మళ్లీ ఇంజన్ అడుగుకు జారిపోవాలి. కింది దారి మూసుకుంటే ఆ ఆయిల్ ఎటు పోతుంది? టర్బోలో నిండుతుంది, నిండి పొర్లి గాలి దారిలో పడి నేరుగా ఇంజన్ నోట్లోకి పోతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆ ఆయిలే మేత. ఇక దానికి డీజిల్ అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, తొక్కే కాలు అక్కర్లేదు.

కాటమయ్య ఉస్తాద్ చేతి కింద జడ్చర్ల అడ్డరోడ్డు మీద లారీల షెడ్డులో పనిచేసిన రోజులు. పంతొమ్మిదేళ్లు తనకు. ఒకరోజు మధ్యాహ్నం టర్బో చెడిన లారీ ఒకటి వచ్చి నిలబడింది, డ్రైవర్ తాళం తీసి కిందికి దిగాడు, ఇంజన్ ఆగలేదు. ఆగకపోగా గొంతు పెంచింది. పెంచి పెంచి, ఇనుము ఏడ్చినట్టు ఒక సన్నటి కేక, తెల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది, డ్రైవర్ తాళం చెవి చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. అందరూ బయటికి ఉరికారు, ప్రమోద్ అందరికన్నా ముందు ఉరికాడు. ఉస్తాద్ ఒక్కడే నీళ్ల తొట్టిలో గోనెసంచి ముంచి తీసుకుని గాలి మూతి మీద పడి బోర్లా పడుకున్నాడు. ఇంజన్ గుక్క తిప్పుకోలేక చచ్చింది. కానీ చచ్చే ముందు దాని పక్క పగిలి ఒక ఇనుప ముక్క ఉస్తాద్ చెవి పక్క నుంచి పోయి వెనక గోడలో దిగింది. దాన్ని ఊడబెరకడానికి తర్వాత ఇద్దరు మనుషులు పట్టారు. ఉస్తాద్ ఆ రోజు చాయ్ తాగుతూ అన్నాడు, "పోరగా, తాళం నీ చేతిలున్నదని ఇంజన్ నీ చేతిల ఉన్నట్టు కాదు." బస్సులో ప్రమోద్ మళ్లీ విజేందర్ నంబరు నొక్కాడు. మోగి ఆగింది. స్వర్ణ నంబరు తన దగ్గర లేదు. అవ్వ దగ్గర ఫోనే లేదు.

కింది గుడ్డ గురించి ఇప్పుడు అన్నీ గుర్తుకొస్తున్నాయి, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కింది గొట్టం కొత్తది, కొలత సరిపోతుందో లేదో చూద్దామని గుడ్డ తీయకుండానే ఊరికే తొడిగాడు, దారం కొస పక్క నుంచి వేలాడుతూ ఉంది, కొలత అద్దినట్టు సరిపోయింది, తీసి గుడ్డ లాగేసి మళ్లీ తొడగాలి, సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. నాయిన. "చీర దిగుతాంది బిడ్డా. ఇగ నాతోటి గాదు, కండ్లు గుంజుతున్నయి, గిదే ఆఖరు. నువ్వు వచ్చినంకనే కోస్త." వెంకటనర్సు మగ్గం మీద ఆఖరి చీర. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అడిగాడు. లేచి బయటికొచ్చి వస్తున్న నాయినా, రెండు నలభై బస్సుకు వస్తున్న అని చెప్పి, కళ్లలో నీళ్లు తిరిగితే బోరు దగ్గరికి పోయి మొహం, చేతులు కడుక్కున్నాడు. తిరిగి వచ్చేసరికి ఈదమ్మ అవ్వ బండి ముందు నిలబడి కొబ్బరికాయ కొట్టి ఉంది. "కొత్త సామాను పెట్టిండ్రంట గదా కొడుకా, వట్టి చేతుల్తోటి ఎట్ల తోలుతం" అంటూ ఆ తడి చేతులు చీరకు తుడుచుకుంటోంది. ఆ చేతులతో తనకు అందినచోట, పై గొట్టానికి, మైసమ్మ దగ్గర తెచ్చిన ఎర్రదారం కట్టిందని ఆమె చెప్పలేదు, ప్రమోద్ చూడలేదు, దారానికి పట్టిన కొబ్బరినీళ్ల వాసనే ఇప్పుడు చెబుతోంది. మళ్లీ బండి కింద దూరితే గొట్టం తొడిగే ఉంది. తొడిగి ఉంటే ఏమనుకుంటాడు, అయిపోయిందనే అనుకున్నాడు, బిగించేశాడు. దారం కొస అవతలి వైపు ఉండి ఉంటుంది. తర్వాత పై గుడ్డలు గబగబా లాగేస్తుంటే ఒక ఎర్రదారం గుడ్డ లేకుండా ఒంటరిగా ఊడి వచ్చింది. గుడ్డ ముందే తీసేసి ఉంటా, దారం జారి ఇక్కడ ఇరుక్కుంది అనుకుని జేబులో వేసుకున్నాడు. ఐదు. లెక్క కుదిరింది. బానెట్ మూశాడు.

పొగ కూడా వచ్చింది. షెడ్డులో స్టార్ట్ చేసినప్పుడు వెనక పైపు నుంచి సన్నగా నీలం పొగ లేచింది, విజేందర్ చూసి మొహం చిన్నబుచ్చుకుంటే తనే భుజం తట్టాడు. "కొత్త సామానుకు పూసిన ఆయిల్ కాలుతది తమ్మీ. ఓ గంట పొగొస్తది, ఫికర్ చెయ్యకు. యాభై కిలోమీటర్ల దాక అరవై దాటకు. కొత్తకోట దాటినంక రోడ్డు ఖాళీగుంటది, అక్కడ ఒక్కసారి నిండ తొక్కు, రికార్డుల దాని దమ్మెంతో చూద్దాం. ఆడికెల్లి మలుపుకొని ఆత్మకూరు పో." పొగ వస్తే ఆగుతాడు, ఆగొద్దన్నాడు. ఫోన్ వస్తే ఎత్తుతాడు, ఎత్తొద్దన్నాడు. తాళం తీస్తే గాలి దారి మూసుకునే రేకు ఒకటి ఉండేది ఆ బండిలో, అదుంటే ఇంజన్ ఊపిరాడక ఆగేది, గాలికి అడ్డమని పోయినేడు దాన్నీ తీసిపారేశాడు. ఒక్కొక్క తలుపూ తన చేతులతోనే వేసి గొళ్లెం పెట్టి వచ్చి ఇక్కడ కిటికీ పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో ఉన్న ముసలమ్మ సంగతి మరీ ఘోరం, ఎనభై ఏళ్లకు ఆమెకు వేగం రుచి తగిలింది, పోయినసారి నూట ఇరవైలో కూడా "ఎడ్లబండి లెక్క పోతున్నవేందిరా, జర తొక్కు" అన్నదట. అదో ముచ్చటగా చెప్పుకుని నవ్వారు షెడ్డులో. ఇప్పుడు ఆమె ఆ మాట అంటూ ఉంటుందా, విజేందర్ నవ్వుతూ కాలు అదుముతూ ఉంటాడా? టైం చూశాడు. మూడు దాటి ఎనిమిది నిమిషాలు. వాళ్లు బయల్దేరింది రెండున్నరకు. అరవైలో పోతే యాభై కిలోమీటర్లకు మూడూ ఇరవై. పన్నెండు నిమిషాలు ఉన్నాయి, అదీ విజేందర్ మాట వింటే, అదీ గుడ్డ అంతవరకు ఆగనిస్తే.

మెసేజ్ పెట్టొచ్చు కదా, ఫోన్ తెర మీద పైన కనపడుతుంది కదా అని ఇప్పుడు తట్టింది. అక్షరాలు ఒకదానికి బదులు ఇంకోటి పడుతున్నాయి. 'తమ్మీ, జర బండి పక్కకు ఆపి ఫోన్ చెయ్యి. చిన్న పనున్నది.' పంపాడు. పంపాక చదువుకున్నాడు. చిన్న పని. ఆ మాట ఎవరు రాశారు, తన వేళ్లే రాశాయి. గుడ్డ మరిచిపోయానని రాయడానికి చెయ్యి రాలేదు. రాస్తే అది కాగితం మీద సంతకం లాంటిది, ఆ మెసేజ్ ఫొటో పొద్దుమూకే లోపు బండ్ల గ్రూపుల్లో తిరుగుతుంది, మూడు జిల్లాల నుంచి కారు కుర్రాళ్లు వచ్చే షెడ్డు అది, గుడ్డల ప్రమోద్ అని పేరు పడితే చచ్చేదాకా పోదు. ముగ్గురు మనుషులు చచ్చిపోతారేమోనని భయపడుతున్నవాడు పేరు పోతుందని కూడా భయపడుతున్నాడు. ఒకే కడుపులో రెండు భయాలు, చిన్నది పెద్దదాన్ని మోచేత్తో పొడిచి పక్కకు జరిపింది. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే తెర వైపు చూశాడు. మెసేజ్ కింది రెండు టిక్కు గీతలు నీలం రంగుకు మారాయి. చూశారు. ప్రాణం లేచి వచ్చింది. ఇప్పుడు మోగుతుంది ఫోన్, ఇప్పుడు. ఒక నిమిషం. రెండు. మోగలేదు. చిన్న పనే కదా, ఇంటికి పోయాక చేద్దామనుకుని ఉంటారు. తను చేసినా అంతే చేసేవాడు.

వంద నంబరుకు చేస్తే? చేసి ఏమని చెప్పాలి, సార్, ఒక నల్లకారు పోతోంది, దాంట్లో గుడ్డ ఉంది. దిగి ఆటో మాట్లాడుకుంటే? దేవరకద్ర ఇంకా రాలేదు, వచ్చినా అక్కడి నుంచి కొత్తకోటకు ఆటోలో గంట. లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. పక్క సీట్లో మొక్కజొన్న కంకుల సంచి ఒళ్లో పెట్టుకున్న ముసలామె ఇంతసేపూ చూస్తూనే ఉంది. చెయ్యి చాపి అతని చొక్కా జేబు మీద వేలు పెట్టింది.

"నెత్తురా బిడ్డా అది? దవాఖానకు పోతున్నవా?"

"కాదు పెద్దమ్మా. రంగు."

"మరి గట్ల వణుకుతున్నవేంది. ఎవలకన్న బాగలేదా?"

"ఇంక ఏం గాలేదు" అన్నాడు ప్రమోద్, తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "చెప్తున్న గని ఇంటలేరు."

"ఎట్ల చెప్పినవ్?" అని అడిగిందామె. అతను తను పంపిన మెసేజ్ వైపు చూశాడు. ఆమె సంచి సర్దుకుంది. "మా ముసలోనికి పానం మీదికొచ్చిననాడు పట్నంల ఉన్న కొడుకు గాబరైతడని జర సుస్తైందిరా అని చెప్పిన. వాడు ఆదివారం వస్తనన్నడు. మంగళవారమే పాయె మనిషి. చిన్నగ చేసి చెప్తే ఎవ్వలు ఉరికి రారు బిడ్డా."

ప్రమోద్ ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. మూడూ పదిహేను. 'నా తప్పు. ఆయిల్ గొట్టంల గుడ్డ మర్చిపోయిన. ఇంజన్ పేలుతది. ఇప్పుడే ఆపు. అందరు దిగి దూరం ఉరుకుండ్రి.' పంపాడు. ఒక గీత. రెండు గీతలు. అవి అలాగే బూడిద రంగులో ఉన్నాయి. చూడండి, ఒక్కసారి చూడండి. ఉస్తాద్ ఉంటే ఏం చేసేవాడు, గోనెసంచితో మీదపడేవాడు, ఉస్తాద్ లేడు, తను ముప్పై మైళ్ల అవతల ఉన్నాడు, ఆ రోజు లాగే అందరికన్నా ముందు ఉరికి బయట నిలబడ్డాడు. మైసమ్మ తల్లీ, నీ దారం నేనే పీకేసిన, చూడకుండ పీకేసిన, నా మీద కోపం వాళ్ల మీద తీర్చుకోకు. గీతలు నీలమయ్యాయి. బస్సు గోతిలో పడి లేచింది. ఫోన్ మోగింది.

ఎత్తగానే మాట వినపడలేదు. ఇనుము ఏడ్చినట్టు సన్నటి కేక వినపడింది. పంతొమ్మిదేళ్ల వయసులో విన్న కేకే, ఒక్క పిసరు తేడా లేదు. దాని మీద నుంచి విజేందర్ అరుస్తున్నాడు. "అన్నా, బండి ఆపిన, తాళం తీసిన, ఇంజన్ ఆగుతలేదు. తాళం నా చేతిలనే ఉన్నది. ఆగుతలేదన్నా, పొగ, ఏం కనబడ్తలేదు."

"అందరు దిగిండ్రా?"

"స్వర్ణ దిగింది. నేను దిగిన." ఆ తర్వాత మాట ముక్కలైంది. "అవ్వ లోపలున్నది. మోకాళ్లు లేస్తలేవు, తలుపు దిక్కు ఒరుగుతాంది, నేను గుంజుత..."

గుంజాలా, ఆపాలా? ఎనభై ఏళ్ల బరువైన మనిషిని సీట్లోంచి లాగడానికి ఎంతసేపు పడుతుంది, గోడలో ఇనుప ముక్క దిగడానికి ఎంతసేపు పట్టింది? లారీ కేక మొదలైనప్పటి నుంచి పగిలేదాకా ఉస్తాద్ తర్వాత లెక్కేసి చెప్పిన మాట, నిమిషం. అందులో సగం అయిపోయి ఉంటుంది. చక్రాలను బ్రేకుతో కట్టేసి గేరులో పడేస్తే ఇంజన్ తిరగలేక ఆగాలి, ఇది తప్పయితే ఇద్దరూ పోతారు. ప్రమోద్ లేచి నిలబడ్డాడు. "గుంజకు. నువ్వు లోపల కూసో. ఇను, నేను చెప్పినట్టే చెయ్యి. కూసున్నవా? క్లచ్ తొక్కు. ఐదో గేరెయ్యి. పడిందా? చెయ్యి బ్రేకు గుంజు. కాలు బ్రేకు నిండ తొక్కు, కాలు ఇరిగినా ఇడువకు. ఇగ క్లచ్ మీదికెల్లి కాలు తీసెయ్యి, మెల్లగ కాదు, ఒక్కసారి."

బస్సులో మాటలు ఆగిపోయాయి. టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ చెయ్యి గాల్లోనే ఉంది. ప్రమోద్ కుడికాలు తెలియకుండానే బస్సు నేలను నిలువునా తొక్కుతోంది. ఫోన్‌లో కేక ఇంకొంచెం పైకి లేచింది, లేచి, ఏదో బరువైనది గుంజాటపడ్డట్టు దడదడలాడి, ఒకసారి, రెండుసార్లు, తర్వాత ఏమీ వినపడలేదు. ఏమీ. ఫోన్ కట్టయిందనుకున్నాడు. తెర చూశాడు, కాల్ నడుస్తూనే ఉంది. మళ్లీ చెవికి ఆనించుకున్నాడు. దూరంగా ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. తర్వాత ఒక ఆడమనిషి ఏడుపు, స్వర్ణ అయి ఉంటుంది. తర్వాత విజేందర్ పెద్దగా తీసుకుంటున్న ఊపిరి.

"ఆగిందన్నా" అన్నాడు. "స్వర్ణ నీ మొదటి మెసేజ్ చదివింది. చిన్న పనే అంట, పోనీ అన్నది. నేను గూడ పోనిచ్చిన. రెండోది చదివి గప్పుడే కేకేసింది." అందులో నిష్ఠూరం లేదు, అందుకే ప్రమోద్‌కు అది నేరుగా లోపల దిగింది. అవతల ఫోన్ చేతులు మారుతున్న చప్పుడు, గాజుల చప్పుడు.

"ఎవలు, పానాలు తిప్పే పిల్లగాడేనా?" ఈదమ్మ అవ్వ గొంతు నిబ్బరంగానే ఉంది, కొద్దిగా దగ్గింది. "గంత భయపడకు కొడుకా, నాకేం గాలె. పొగకు కండ్లు మండుతున్నయి గంతే. ఇందాక మైసమ్మ దారం కట్టిన గదా నీ సామానుకు, అదే ఆపింది. ఉన్నదా అది ఇంక, కాలిపోయిందా, మీ తమ్మున్ని చూడుమంటె భయపడుతున్నడు."

ప్రమోద్ పిడికిలి విప్పాడు. ఎప్పుడు బిగించాడో తెలియదు, అరచెయ్యంతా ఎర్రగా ఉంది, మధ్యలో ఆ బొచ్చుదారం నలిగి అతుక్కుని ఉంది. నాయిన రంగులాగా దీని రంగూ దిగకుండా ఉండి ఉంటే ఈ దారాన్ని తను ఇంటిదాకా మోసుకుపోయేవాడు, ఆఖరి చీర కోస్తుంటే పక్కన కూర్చుని రొట్టె తినేవాడు. ఉన్నదవ్వా అని ఒక్క మాట అంటే సరిపోతుంది, ఆమె సంతోషపడుతుంది. పెద్దమ్మ అతని మొహంలోకే చూస్తోంది.

"నా దగ్గరున్నదవ్వా" అన్నాడు. "నేనే తీసేసిన. నాదే అనుకొని చూస్కోకుండ గుంజేసిన. నువ్వు కట్టిన గంటకే తీసేసిన."

అవతల గాలి చప్పుడు మాత్రమే వినిపించింది.

"తీస్తివా" అన్నది అవ్వ. "సరే తియ్యి. నువ్వే తెచ్చి నీ చేతితోటి కట్టు. అందాక మేం ఈడనే కూసుంటం."

ప్రమోద్ దారాన్ని జేబులో వేసుకోలేదు. దాన్ని చేతిలోనే పట్టుకుని, జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ, కొత్తకోట వైపు మళ్లడానికి బస్సు ఆపమని ముందుకు నడిచాడు.